నాణెం ఇరుక్కుంటే జేబులో దాస్తారా?

మన సంఘం ప్రదర్శకుల కోసం ఈమధ్య ఒక సూచనల కాగితం తయారైంది. రాసినాయన నాకు బాగా తెలిసినవాడే. ముప్పయ్యేళ్లుగా ఊరూరా తిరిగి బాబాల గుట్టు విప్పినవాడు. ఆయన నిజాయితీని శంకించే హక్కు నాకే కాదు, ఎవరికీ లేదు. అయినా అందులో పదకొండో అంశం చదివాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను. ఆ అంశం సారాంశం ఇది: ప్రదర్శన మధ్యలో నాణెం గానీ మరో పరికరం గానీ పట్టేస్తే ఆ సంగతి ప్రేక్షకులకు తెలియనివ్వకూడదు. నవ్వుతూ జేబులో వేసుకుని తర్వాతి అంశానికి వెళ్లిపోవాలి. మరమ్మతు తెర వెనక చేసుకోవాలి. ఎందుకంటే, పరికరం పాడైందని జనానికి తెలిస్తే మన మీద నమ్మకం పోతుందట!

నమ్మకం! మనం జనం దగ్గరికి పోయి అడుగుతున్నది అదేనా? స్వామి మీద పెట్టుకున్నదాన్ని తీసి సంఘం మీద పెట్టమని అడగడానికేనా ఎండలో, ఎర్ర బస్సుల్లో ఇన్నేళ్లు తిరిగాం? మన సభ నుంచి ఇంటికి వెళ్లేవాడు "వీళ్లు మంచివాళ్లు, వీళ్లు చెప్పింది నిజమే అయివుంటుంది" అనుకుంటూ వెళ్తే మనం ఓడిపోయినట్టే. "అది ఎలా జరిగిందో నేను చూశాను, రేపు ఇంకొకడు చేస్తే అడుగుతాను" అనుకుంటూ వెళ్లాలి. ఆ చూడడానికి ఇరుక్కుపోయిన నాణెం కన్నా మంచి అవకాశం మనకు దొరకదు. దాన్నే జేబులో దాచమంటున్నారు.

ముందు పరికరం సంగతి చెప్పుకుందాం. ఈ వాదన చేసేవారిలో చాలామంది ఆ నాణేన్ని ఒక్కసారీ విప్పి చూసినవారు కారని నా అనుమానం.

నాణేల గారడీలో సగం హస్తలాఘవం, సగం లేత్ పని. "స్కాచ్ అండ్ సోడా" అనే పేరుతో ప్రపంచమంతా అమ్మే సెట్టు ఒకటుంది. అమెరికా అర డాలరు ఒకటి, మెక్సికో దేశపు ఇరవై సెంటావోల రాగిరంగు కంచు నాణెం ఒకటి. అర డాలరు వ్యాసం 30.6 మిల్లీమీటర్లు, మెక్సికోది 28.5. పెద్దదాన్ని ఒకవైపు నుంచి తొలిచి డొల్ల చేస్తారు. చిన్నదానికి ఒక ముఖం సెంటావో, రెండో ముఖం అర డాలరు ఉండేలా తయారుచేస్తారు. రాగి ముఖం పైకి పెట్టి చూపిస్తే రెండు వేరువేరు నాణేలు. రాగి ముఖం లోపలికి పోయేలా డొల్లలోకి దిగిందంటే ఎటు తిప్పినా ఒకే ఒక్క వెండిరంగు నాణెం. రాగి నాణెం మాయం! చేతికిచ్చి చూసుకోమన్నా దొరకదు. మనవాళ్లు పాత రూపాయలతో చేయించుకునేదీ ఇదే పద్ధతి. ఇందులో నేను బయటపెట్టిన రహస్యం ఏమీ లేదు, డబ్బు పెట్టినవాడికల్లా కొట్టువాడు కాగితం మీద అచ్చువేసి ఇస్తున్నదే.

లోపలి బిళ్లకూ బయటి తొడుగుకూ మధ్య సందు వెంట్రుక మందం కన్నా తక్కువ. అంత బిగువు లేకపోతే నాణెం చేతికిచ్చినప్పుడు ఊడి పడుతుంది. అంత బిగువు ఉంది కాబట్టే ఇరుక్కుంటుంది కూడా. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. ఉప్పూ తేమా కలిస్తే రాగి, కంచు మీద చిలుం పడుతుంది. ఆ పచ్చటి పొర సందులో పెరిగితే బిళ్ల కదలదు. కింద పడి తొడుగు అంచు ఏ మూలో కాస్త నొక్కుకుంటే అక్కడ పట్టేస్తుంది. వీటన్నిటికన్నా పెద్ద కారణం మన సంచులు. మహిమల గుట్టు విప్పే మన సంచిలో నాణెం పక్కనే విబూది బిళ్లల పొట్లం ఉంటుంది, దాని పక్కన కర్పూరం, కుంకుమ, సున్నం. బిళ్లలు నలిగి పొడి రాలుతుంది. గాల్లోంచి విబూది తీసే స్వామివారి రహస్యం మన నాణేల సందుల్లోకి చేరి కూర్చుంటుంది. నేను మరమ్మతుల రిజిస్టరు ఒకటి రాస్తుంటాను, పాత అలవాటు. ఇరుక్కున్న నాణేల్లో సగానికి పైగా ఆ బూడిద పుణ్యమే.

తీసే పద్ధతి ఒకటే, సెట్టుతో పాటే వస్తుంది, మనవాళ్లు మొదటి రోజే పారేస్తారు. ఒక ప్లాస్టిక్ రింగు. దాని రంధ్రం లోపలి బిళ్ల కన్నా కాస్త పెద్దది, బయటి తొడుగు కన్నా కాస్త చిన్నది. నాణేన్ని లోపలి బిళ్ల కిందికి ఉండేలా రింగు మీద పెడితే తొడుగు అంచు మాత్రమే రింగుకు ఆనుతుంది. పైన వేలితో తేలిగ్గా పట్టుకుని రింగును బల్ల మీద చదునుగా, గట్టిగా ఒక్కటి కొట్టాలి. రింగు ఆగుతుంది, దానికి ఆనిన తొడుగు ఆగుతుంది, మధ్యలో బిళ్లకు ఆనడానికి ఏమీ లేదు గనక అది కిందికి పోతూనే ఉంటుంది. ఆర్టీసీ బస్సు డ్రైవరు బ్రేకు తొక్కితే నిలబడ్డవాళ్లు ముందుకు తూలడం ఎందుకో తెలిసినవాడికి ఇది మళ్లీ చెప్పక్కర్లేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి జడత్వం గురించి పాఠం చెప్పడానికి ఇంతకన్నా చవకైన పరికరం లేదు. దీన్నే మనవాళ్లు తెర వెనక చేయమంటున్నారు!

రింగు లేనివాళ్లు చేసే ఘోరాలు చూశాను. చాకు మొన సందులో దూర్చి ఎగదన్నేవారు ఉన్నారు. బిళ్ల వస్తుంది, తొడుగు అంచు లేచిపోతుంది, ఆ తర్వాత అది ఏ పనికీ రాదు. చింతపండు నీళ్లలో నానబెట్టేవారు ఉన్నారు. ఇత్తడి చెంబుకు సరిపోయిన వైద్యం కాగితమంత మందం ఉన్న తొడుగుకు సరిపోదు. పులుపు సందులో మిగిలి తినేస్తూనే ఉంటుంది. పైగా నాణెం ఒకవైపు తళతళలాడి ప్రేక్షకుడి కన్ను అక్కడే పడుతుంది. కొందరు కుట్టు మిషను నూనె పోస్తారు. నున్నటి రెండు లోహపు ముఖాల మధ్య నూనె పొర ఉంటే అవి మరింత అంటుకుంటాయి, తడి గాజు పలకలు రెండు అంటుకున్నట్టు. ఇక దీపం మీద వేడిచేసే పెద్దమనుషులకు నా లెక్క ఒకటి: 30 మిల్లీమీటర్ల నాణెం 40 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం పెరిగేది సుమారు 20 మైక్రాన్లు. తొడుగూ పెరుగుతుంది, బిళ్లా దాదాపు అంతే పెరుగుతుంది, సందు ఎక్కడినుంచి వస్తుంది? లోపల టంకంతోనో జిగురుతోనో అతికించిన భాగం ఉంటే అది మాత్రం తప్పకుండా ఊడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టడం వల్ల కలిగేది బయటికి తీశాక పట్టే చెమ్మ, దానివల్ల కొత్త చిలుం. సబ్బు నీళ్లతో గానీ స్పిరిట్‌తో గానీ తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, మెత్తటి గుడ్డలో విడిగా చుట్టి పెట్టుకుంటే చాలు. సీసాలోకి దూరే మడత నాణెం ఉన్నవాళ్లు అందులోని సన్నటి రబ్బరును వేసవికి ముందు మార్చుకోవాలి. మన ఎండలకు రబ్బరు పెళుసెక్కి సరిగ్గా సభలోనే తెగుతుంది. ఆ నాణేన్ని మడిచిన స్థితిలో ఎప్పుడూ దాచకూడదు.

ఇంతవరకు మరమ్మతు. ఇందులో దాచవలసిన అవమానం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది సరదా గారడీ గురించిన గొడవ మాత్రమే అయితే నేను ఇంత రాయను. నాణేల గారడీ మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇళ్లు కూలుస్తోంది. "రైస్ పుల్లింగ్" అన్నమాట వినని పోలీసు స్టేషను ఉందా? ఈస్టిండియా కంపెనీ కాలం నాటి రాగి నాణెమో చెంబో ఉందంటారు. పిడుగు పడి అందులో ఇరీడియం పుట్టిందంటారు. బియ్యం గింజలను లాగుతుందంటారు. ఎన్ని అంగుళాల దూరం నుంచి లాగితే అన్ని కోట్లంటారు. కొనేది నాసా అంటారు, లేకపోతే డీఆర్‌డీఓ అంటారు. 2018లో ఢిల్లీ పోలీసులు ఒక తండ్రీకొడుకులను అరెస్టు చేశారు. నాసాకు అమ్ముదామని ఒక వ్యాపారి దగ్గర వాళ్లు 1 కోటి 43 లక్షలు లాగారు. అణుధార్మికత తగలకుండా వేసుకునే సూట్లంటూ వెండిరంగు దుస్తులు తొడుక్కుని మరీ నాటకం ఆడారు. ఆ ఫొటోలు పేపర్లలో చూసి నవ్వుకున్నాం. తన సొమ్ము అందులో పెట్టినవాడు నవ్వలేదు.

నేను రక్షణ శాఖ పద్దుల్లోనే ఉద్యోగమంతా చేశాను కాబట్టి ఒక మాట చెప్పాలి. ఆ శాఖలో ఒక వస్తువు కొనాలంటే ఇండెంటు ఉంటుంది, టెండరు ఉంటుంది, సరుకు వచ్చాక తనిఖీ నోటు, అందినట్టు వోచరు, ఆ పైన బిల్లు, ఆ బిల్లు మీద మా ఆడిట్. చిల్లర కొనుగోళ్లకు వేరే నియమం ఉంది, దానికీ రశీదు కావాలి. సంచిలో నోట్లు పెట్టుకుని లాడ్జి గదికి వచ్చి నాణెం కొనుక్కుపోయే శాస్త్రవేత్త ఏ పద్దు కింద ఖర్చు చూపిస్తాడు? పైగా ఇక్కడ డబ్బు ఇచ్చేది కొనేవాడు కాదు. పరీక్ష ఫీజు, రసాయనాల ఖర్చు, సూటు అద్దె, అన్నీ అమ్మేవాడే ముందుగా కట్టాలి! ఇలాంటి బిల్లు నా బల్ల మీదికి వస్తే దాని మీద అభ్యంతరం రాయడానికి కూడా సిగ్గుపడేవాణ్ని.

కంపెనీ అర్ధణా రాగి నాణెం 1835 తేదీతో నిజంగానే ఉంది. పాత నాణేలు సేకరించేవాళ్ల దగ్గర చూడవచ్చు. రామ పట్టాభిషేకం బొమ్మ వేసి 1818 అని కొట్టిన "అర్ధణాలు" మాత్రం ఈమధ్య పోతపోసిన బిళ్లలు. ఇరీడియం బరువైన లోహం, ఘన సెంటీమీటరుకు 22 గ్రాములకు పైనే. అది బియ్యాన్ని లాగదు. బియ్యాన్ని ఏదీ లాగదు. గింజలో ఇనుము ఉంటే అయస్కాంతం లాగుతుంది, అంతే.

మన ప్రదర్శనలో చూపించేది కూడా అదే. తొలిచిన నాణెం లోపల చొక్కా బొత్తామంత నియోడిమియం అయస్కాంతం అతికించి, మీద మూత బిగిస్తాం. కొన్ని గింజల్లో సన్నటి ఇనుప తీగ ముక్క గుచ్చి పిండితో మూస్తాం, కొన్నింటిని ఇనుప రజను కలిపిన గంజిలో ముంచి ఆరబెడతాం. దూరం నుంచి గింజ పాకి రావాలంటే పళ్లెం కింద ఇంకో అయస్కాంతం. చూపించాక మూత తీసి లోపలిది చూపించాలి. మన ప్రదర్శన మొత్తానికి ఆ మూత తీయడమే ప్రాణం. కానీ ఈ నాణేనికి ఉన్న జబ్బు ఏమిటంటే, గింజల మీది ఇనుప రజను రాలి నాణేనికే పట్టుకుంటుంది. సందంతా నల్లటి గీతలా నిండిపోతుంది. మూత బిగుసుకుంటుంది. ఎండలో సంచి వేడెక్కి జిగురు మెత్తబడితే లోపల అయస్కాంతం పక్కకు జారి అడ్డం తిరుగుతుంది. అప్పుడు గింజా రాదు, మూతా రాదు.

తెలంగాణలో ఒక మండల కేంద్రంలో ఇదే జరిగింది. రైస్ పుల్లింగ్ మాటలు ఆ చుట్టుపక్కల బాగా వినిపిస్తున్నాయని తెలిసే వెళ్లాం. నేను పక్కన కూర్చుని పుస్తకాలు అమ్ముతున్నాను. మా ప్రదర్శకుడు యువకుడు, ఉత్సాహవంతుడు, పదకొండో అంశం అప్పటికింకా కాగితం మీదికి రాకపోయినా నోటిమాటగా అందరికీ అందింది. గింజలు కదల్లేదు. మూత తీసి చూపిద్దామని గోటితో ప్రయత్నించాడు, రాలేదు. "సరే, దీని సంగతి తర్వాత చూద్దాం" అని నవ్వుతూ నాణేన్ని జేబులో వేసుకుని కర్పూరం వెలిగించాడు. శిక్షణ ఎలా ఇచ్చారో అచ్చం అలాగే చేశాడు, అతణ్ని అనేది ఏమీ లేదు.

వెనక వరసలోంచి ఒక పెద్దాయన పక్కవాడితో అన్న మాట నాకు వినిపించింది. "అసల్ది అయితే ఆగది. వీళ్లది డూప్లికేటు గనుక ఆగింది."

మిత్రులు ఈ మాట దగ్గర కాస్త ఆగి ఆలోచించాలని నా కోరిక. మనం వెళ్లింది రైస్ పుల్లర్ అబద్ధమని చూపించడానికి. మన నాణెం ఇరుక్కుంది. దాన్ని మనం దాచాం. ఫలితం ఏమిటంటే, అసలైన రైస్ పుల్లర్ ఒకటి ఎక్కడో ఉందని, మనది దానికి నకిలీ అని ఆయనకు రుజువైపోయింది! మనం ఆ ఊరు వెళ్లకుండా ఇంట్లో పడుకున్నా ఇంత నష్టం జరిగేది కాదు.

సభ అయ్యాక ఆయన్ను హోటలు దగ్గర పట్టుకున్నాను. "అన్నా, ఒక్క నిమిషం కూసో, ఆ ఆగిపోయిన నాణెం నీ ముందరే ఇప్పుతా" అన్నాను. మా కుర్రాడి దగ్గర నాణెం తీసుకుని ముందు కరెంటు పనివాళ్లు వాడే టేపు ముక్క సందు వెంబడి అద్ది అద్ది తీశాను. టేపు నిండా నల్లటి రజను. అది ఆయన చేతికిచ్చాను. నా సంచిలో కర్ర రింగు ఎప్పుడూ ఉంటుంది. బెంచీ మీద కొట్టాను. రెండు దెబ్బలకు రాలేదు, మూడో దెబ్బకు మూత ఊడింది. లోపల అయస్కాంతం జిగురు వదిలేసి ఏటవాలుగా పడి ఉంది. ఆయనే గోటితో గీకి బయటికి తీశాడు, హోటలువాడి చెంచాకు అంటించి చూశాడు. తర్వాత బ్లేడు అడిగాడు. ఒక గింజను అడ్డంగా కోశాడు. తీగ ముక్క కనిపించింది. చాలాసేపు మాట్లాడలేదు.

"వాళ్లు గింజ నా చేతికి ఇయ్యలే సారూ. ఒక్కటి గూడ ఇయ్యలే" అన్నాడు చివరికి.

బోరు వేయించడానికి దాచుకున్న అరవై వేలు బ్రోకరుకు అప్పటికే ఇచ్చేశాడు. పరీక్షకు వచ్చే సైంటిస్టుకు రానూపోనూ ఖర్చులట. రెండుసార్లు పరీక్ష పెట్టారట, రెండుసార్లూ నాణెం మధ్యలో ఆగిపోయిందట. "పవర్ దిగింది, మళ్ల ఎక్కియ్యాలె" అని ఇంకో ఇరవై వేలు అడుగుతున్నారట. చూశారా, వాళ్ల పరికరమూ ఇరుక్కుంటుంది! వాళ్లదీ ఇనుప రజనే, వాళ్లదీ జిగురే. ఇరుక్కున్నప్పుడు వాళ్లు ఏం చేస్తారు? గుడ్డలో చుట్టి జేబులో వేసుకుంటారు. దానికో కారణం చెప్పి, ఆ కారణానికో రేటు కడతారు. మనవాడు రేటు కట్టలేదు, అది తప్ప చూసేవాడి కంటికి రెండు జేబులకూ తేడా లేదు. ఆ ఇరవై వేలు ఆయన ఇవ్వలేదని తర్వాత తెలిసింది. అరవై వేలు మాత్రం తిరిగి రాలేదు.

ఆగిపోవడమే మహిమకు రుజువుగా మారిపోవడం మన పల్లెల్లో పుట్టిన వింత కాదు. 1973 ఆగస్టు 1న అమెరికా టీవీలో జానీ కార్సన్ కార్యక్రమానికి యూరీ గెల్లర్ వచ్చాడు, మనోశక్తితో చెంచాలు వంచుతానని చెప్పుకుంటున్న రోజులవి. కార్సన్ ఒకప్పుడు గారడీ చేసినవాడే. అతని బృందం జేమ్స్ రాండీ సలహా తీసుకుంది. సామాన్లు తమవే పెట్టండి, అతన్ని గానీ అతని మనుషులను గానీ ముందుగా వాటి దగ్గరికి రానివ్వకండి అని. ఇరవై నిమిషాలకు పైగా గెల్లర్ తంటాలు పడ్డాడు. ఏమీ జరగలేదు. ఈ రాత్రి నాకు శక్తి అందడం లేదన్న ధోరణిలో ఏదో చెప్పాడు. అక్కడితో అతని కథ ముగిసిందని అందరూ అనుకున్నారు. ముగియలేదు, పేరు ఇంకా పెరిగింది. గారడీవాడైతే ప్రతిసారీ చేసి చూపిస్తాడు, ఇతను ఒక్కోసారి చేయలేకపోతున్నాడంటే ఇది నిజమైన శక్తే అన్నారు భక్తులు! ఆగిపోవడానికి కారణం కంటికి కనిపించకపోతే జనం ఆ ఖాళీని తమకు నచ్చినదానితో పూరించుకుంటారు. ఆ ఖాళీని వదలకూడదు. టేపు మీద రజను చూసినవాడికి పూరించుకోవడానికి ఏమీ మిగలదు.

కోవూరు గారు 1963లో లక్ష రూపాయల సవాలు ప్రకటించినప్పుడు పెట్టిన షరతుల్లో మూసిన కవరులోని నోటు నంబరు చెప్పమనడం ఒకటి, నోటుకు అచ్చమైన నకలు సృష్టించమనడం ఒకటి. మోసానికి వీల్లేని పరిస్థితుల్లో చేయాలన్నది ఆయన ముఖ్యమైన షరతు. ఆ షరతు అవతలివాడికి మాత్రమేనా? మన బల్ల మీది వస్తువు ఏ క్షణంలోనైనా ఎవరైనా వచ్చి చూడవచ్చు అనే మాట మనం చెప్పలేకపోతే, బాబాను చూపించమని అడిగే నోరు మనకెక్కడిది?

దీనికి వస్తున్న అభ్యంతరాల్లో ఒకటి ఇంద్రజాలికుల పొట్ట కొట్టకూడదని. నిజమే, కొట్టకూడదు. పెళ్లి మంటపంలోనో పాఠశాల వార్షికోత్సవంలోనో "ఇది నా విద్య" అని చెప్పి రూపాయి మాయం చేసేవాడు ఎవర్నీ మోసం చేయడం లేదు. చూసేవాడికీ తెలుసు. అతని రహస్యం అతని ఆస్తి. అతని సభలో లేచి నిలబడి గుట్టు విప్పేవాణ్ని నేను హేతువాది అనను, పెంకివాడంటాను. కానీ మన వేదిక మీద మనమే పెట్టిన నాణేనికి ఆ మర్యాద ఎందుకు? మనం అక్కడికి వెళ్లిందే మూత తీయడానికి. అది మామూలుగా రాకపోతే రింగుతో తీస్తాం. మధ్యలో కొత్తగా పుట్టుకొచ్చిన రహస్యం ఏమిటి? ఇక గారడీ సామాన్ల కొట్లలో కొందరు, బిళ్ల ఇరుక్కుందని తీసుకెళ్తే తీసే పద్ధతి చెప్పరు, వృత్తి రహస్యమంటారు, కొత్త సెట్టు కొనమంటారు. అది రహస్యం కాదు, అమ్మకం.

రెండో అభ్యంతరంలో బలం ఉంది. వేదిక మీద పది నిమిషాలు నాణేన్ని కొడుతూ కూర్చుంటే జనం లేచిపోతారు. ఒప్పుకుంటాను. అందుకే మూడు దెబ్బలకు మించి వద్దు. రాకపోతే "ఇది ఇరుక్కుంది, ఎందుకు ఇరుక్కుందో సభ అయ్యాక ఇక్కడే తీసి చూపిస్తాం, ఎవరైనా వచ్చి చూడండి" అని గట్టిగా చెప్పి, అందరికీ కనిపించేలా బల్ల మీద పెట్టాలి. జేబులో కాదు. రెండో నాణెంతో ప్రదర్శన కొనసాగించాలి. రెండో నాణెం లేకుండా సభకు వెళ్లేవాణ్ని గురించి నేను మాట్లాడను. ఒక్క జాగ్రత్త ఉంది. మూత తీశాక అయస్కాంతాన్ని విడిగా చిన్నపిల్లల చేతుల్లోకి పోనివ్వకూడదు. ఇలాంటివి రెండు మింగితే పేగుల గోడలను మధ్యలో నొక్కిపట్టి చిల్లులు పెడతాయి. పెద్దవాళ్ల చేతికివ్వండి, లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి.

నాణేల ప్రసక్తి వచ్చింది కాబట్టి ఇంకొకటీ చెప్పేస్తాను, దీనిమీద విడిగా రాయాలి నిజానికి. అల్యూమినియం నాణేనికి మెర్క్యురిక్ క్లోరైడు రాసి భక్తుడి గుప్పిట్లో పెడితే వేడెక్కి బూడిద రాలే అంశం మన ఉద్యమంలో ఎన్నో ఏళ్లుగా ఉంది. దాన్ని ఇక మానేయాలి. అది పాదరసపు విషం, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. దేవుడు లేడని చూపించడానికి పిల్లవాడి అరచేతికి విషం రాయక్కర్లేదు, నోటితో వివరిస్తే చాలు. ఆ పాత పైసలు 2011 జూన్ 30తో చెలామణి నుంచి పోయాయి కూడా. ఆ 2011లోనే వచ్చిన నాణేల చట్టం చెలామణిలో ఉన్న నాణేన్ని కరిగించడం, నాశనం చేయడం నేరమంటుంది. కాబట్టి లేత్ పనికి ఇప్పటి రూపాయలు వాడకండి. రద్దయిన పైసలు, లేదా సాదా లోహపు బిళ్లలు చాలు. ఇప్పటి స్టీలు రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది గనక రైస్ పుల్లింగ్ ప్రదర్శనకు అది ఎలాగూ పనికిరాదు, రజనంతా దానికే పడుతుంది.

పదకొండో అంశం తీసేసి దాని చోట ఏం పెట్టాలో నా ప్రతిపాదన రాసి సంఘానికి పంపాను. ప్రతి సంచిలో రింగు, టేపు చుట్ట, బ్లేడు, విబూదికి వేరే డబ్బా ఉండాలి. ప్రతి పరికరానికీ రిజిస్టరులో ఒక పేజీ ఉండాలి. ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఎవరి ముందు విప్పారు అన్న మూడు గళ్లు చాలు. మూడో గడి ఖాళీగా ఉన్న పేజీని నెలాఖరు సమావేశంలో చదివి, ఎందుకు ఖాళీగా ఉందో అడగాలి. కొత్త ప్రదర్శకులకు శిక్షణ ఇచ్చేటప్పుడు నాణేన్ని కావాలని ఇరికించి చేతికివ్వాలి, అతను దాన్ని అందరి ముందూ విప్పగలిగాకే ఊళ్లకు పంపాలి.

సూచనల కాగితం రాసిన మిత్రుడికి ఇదంతా ఫోనులో కూడా చెప్పాను. "నువ్వు రిటైరైనా ఆడిట్ మానలేదు" అన్నారు. ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. వచ్చే శిక్షణ తరగతులకు ఇరుక్కున్న నాణేలు మీ దగ్గర ఎన్ని ఉంటే అన్నీ పట్టుకురండి, చాకుతో మాత్రం ముట్టుకోకండి. మాకు తెలిసిన వడ్రంగి చేత పన్నెండు రింగులు చేయిస్తున్నాను. ఖర్చు సంఘం పద్దులో వేస్తాను, బిల్లు జతచేసి.